నాలుగు గూటాలు, రెండు క్రాసు కొలతలు: అనంతపురంలో 16×12 షెడ్డు డైరీ

ఇంటి వెనక జాగాలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు రిపేరు చేసుకోవడానికి 16 అడుగులకు 12 అడుగుల రేకుల షెడ్డు వేసుకున్నా. పని అయిపోయింది. ఎందుకు మొదలుపెట్టానో, ముహూర్తం ఎప్పుడో అవన్నీ వదిలేస్తున్నా. ఈ డైరీ అంతా ఒకే కొలత గురించి: మూల నుంచి మూలకు కొలిచేది. బడి పుస్తకంలో కర్ణం అంటారు, మా బేల్దారి మామ క్రాసు అంటాడు. దాన్ని కొలవక ఒకసారి, కొలిచి కూడా సగమే కొలిచి ఇంకోసారి, మొత్తం నాలుగు చోట్ల డబ్బు పోగొట్టుకున్నా. ప్రతి దశ చివర తప్పులకు ఎంత పోయిందో లెక్క రాశా. షెడ్డు మొత్తం ఖర్చు కాదు, తప్పులది మాత్రమే.

వాడిన సామాను: 5 మీటర్ల స్టీలు టేపు, 30 మీటర్ల ఫైబరు టేపు, నైలాన్ దారం (తర్వాత పారేశా, ఎందుకో కింద ఉంది), కట్టు కంబి, గూటాలు, మూలమట్టం, నీళ్ల లెవల్ పైపు, ముగ్గుపిండి. చిన్న కొలతలు నూళ్లలో రాశా. నూలు అంటే అంగుళంలో 8వ వంతు.

దశ 1: జాగా ఎంత? (1 నుంచి 3వ రోజు దాకా)

మా వెనక జాగా నాలుగు మూలలదే గానీ ఏ మూలా సరిగ్గా లేదు. మూలలకు ఇంట్లో పిలుచుకునే పేర్లే పెడతా: సంపు మూల, గేటు మూల, వేప మూల, కొట్టం మూల. కొట్టం అంటే ఒకప్పుడు ఎనుములు ఉండేవి, ఇప్పుడు పాత సైకిళ్లు ఉన్నాయి.

వరసగా కొలిస్తే:

1. సంపు నుంచి గేటు: 30 అడుగులు
2. గేటు నుంచి వేప: 22 అడుగుల 5½ అంగుళాలు
3. వేప నుంచి కొట్టం: 29 అడుగుల 2 అంగుళాలు
4. కొట్టం నుంచి సంపు: 25 అడుగుల 7½ అంగుళాలు

షెడ్డు పోగా మిగిలిన జాగా అంతా నాపరాళ్లు పరవాలి. రాళ్లు తాడిపత్రి నుంచి వస్తాయి, ఎన్ని చదరపు అడుగులో ముందే చెప్పాలి. అందరూ చేసేదే నేనూ చేశా. ఎదురెదురు వైపులు కలిపి సగం చేసి, ఆ రెండూ గుణించా. 711 చదరపు అడుగులు వచ్చింది. షెడ్డు 192 తీసేస్తే 519. సరే, 520 పంపమని ఫోన్ చేశా.

సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. బీటెక్ చదువుతున్నాడు. "బావా, అది ఉజ్జాయింపు లెక్క, అసలు ఫార్ములా ఉంది" అని ఫోన్‌లో లెక్క కట్టాడు. నాలుగు వైపుల మొత్తంలో సగం తీసుకుని, దాంట్లోంచి ఒక్కో వైపు తీసేసి, వచ్చిన నాలుగూ గుణించి వర్గమూలం. 710 వచ్చింది. రెండు వేరు వేరు లెక్కలు ఒక్క అడుగు తేడాతో ఒకటే చెప్పాయంటే ఇంక అనుమానం దేనికి అని హాయిగా పడుకున్నా.

రెండో రోజు పొద్దున బేల్దారి మామ వచ్చి ఒక చుట్టు తిరిగి చూసి "ఏమప్పా, ఏడు నూర్లు యాడుంది దీంట్లో? ఇది వాలిన జాగా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఆయన ఏమీ వాదించకుండా గేటు మూలకు, కొట్టం మూలకు గూటాలు కొట్టి దారం కట్టాడు, ఇది కూడా కొలువు అని టేపు నా చేతిలో పెట్టాడు.

గేటు నుంచి కొట్టం 31 అడుగుల 10¾ అంగుళాలు. సంపు నుంచి వేప 43 అడుగుల 5 అంగుళాలు. జాగా ఎంత వాలి ఉందో ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తేనే అర్థమయింది.

లెక్క మళ్లీ, ఈసారి కర్ణంతో:

1. సంపు–వేప గీత జాగాను రెండు త్రిభుజాలు చేస్తుంది. ఒక్కోదానికి మూడు వైపులూ తెలుసు కాబట్టి హీరాన్ సూత్రం (మూడు వైపుల పొడవులతోనే త్రిభుజం వైశాల్యం చెప్పేది) వేయొచ్చు. 314.7, 361.6. మొత్తం 676.3.
2. నమ్మకం కోసం రెండో కర్ణంతో, అంటే గేటు–కొట్టం గీతతో, ఇంకో రెండు త్రిభుజాలు. 360.0, 316.4. మొత్తం 676.4.

రెండు కర్ణాలతో విడివిడిగా చేసి రెండూ కలిశాయంటే ఆరు కొలతల్లో పెద్ద తప్పు లేనట్టే. ఇది తప్పకుండా చేయండి, ఐదు నిమిషాల పని. సెంట్లలో చెప్పాలంటే నా జాగా 1.55 సెంట్లు, నేను అనుకున్నది 1.63. (సెంటు 435.6 చదరపు అడుగులు.)

మరి ఆ రెండు లెక్కలు ఎందుకు కలిశాయి? దీని మీద రెండు రాత్రులు కూర్చున్నా. రెండూ ఒక్క చోటివే. 628లో గణిత పండితుడు బ్రహ్మగుప్తుడు రెండిటినీ పక్కపక్కనే చెప్పాడు: ఎదురు వైపులు కలిపిన సగాలు గుణించేది ఉజ్జాయింపుకు, వర్గమూలం తీసేది కచ్చితానికి. కానీ ఆ రెండోది కచ్చితంగా పనిచేసేది నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికి మాత్రమే, అంటే ఎదురెదురు మూలల కోణాలు కలిపితే 180 రావాలి. నా జాగా కాగితం మీద గీసి కోణమానినితో కొలిస్తే సంపు మూల, వేప మూల కలిపి 145 కూడా రాలేదు. ఇంకో సంగతి, అవే నాలుగు వైపులతో వేయగలిగిన ఆకారాలన్నిటిలో వృత్తం మీద పడేదానికే వైశాల్యం ఎక్కువ. అంటే ఆ సూత్రం నా జాగా ఎంతో చెప్పలేదు, ఆ నాలుగు వైపులతో ఎక్కువలో ఎక్కువ ఎంత రాగలదో చెప్పింది. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయన్నమాట.

నమ్మకం లేకపోతే ఒకే పొడవున్న నాలుగు రేకు పట్టీలు తీసుకుని చివర్లలో బోల్టు వేసి చూడండి. చేత్తో నొక్కితే అదే పట్టీలు నిలువుగా నిలబడతాయి, పక్కకు వాలతాయి, చివరికి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. వైపులు మారలేదు, లోపలి జాగా సున్నా దాకా పోయింది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతి అనే లెక్కల పుస్తకంలో ఇదే చెప్పి, ఒక కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాణ్ని పిశాచం అన్నాడు, చెప్పబోయేవాడు అంతకంటే పెద్ద పిశాచమట. ఆ లెక్కన మా ఇంట్లో ఆ రోజు ఇద్దరం ఉన్నాం.

పొలానికి ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకున్నవాళ్లు చూసే ఉంటారు, హద్దు గీతలతో పాటు లోపల మూల నుంచి మూలకు ఒక గీత, దాని మీదికి నిలువుగా దిగే కొలతలు ఉంటాయి. అన్నేళ్లు అది గీతలు ఎక్కువ కనపడాలని వేశారేమో అనుకున్నా. కరణాల ఉద్యోగాలు 1984లో పోయాయి, కర్ణాలు మాత్రం ఆ కాగితాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

టేపు గురించి ఒక మాట. 43 అడుగులకు ఫైబరు టేపు మధ్యలో వేలాడుతుంది, మధ్యలో ఒకరు పట్టుకోవాలి. గట్టిగా లాగితే సాగుతుంది. మొదటిసారి 43 అడుగుల 8 అంగుళాలు వచ్చింది, అది టేపు వేలాడి, పక్కకు వంగి వచ్చిన కొలత. మూడుసార్లు కొలిచి చిన్నది తీసుకున్నా.

ఇంత జరిగేలోపు తాడిపత్రి నుంచి టెంపో బయల్దేరింది. షెడ్డు పోగా 485 చాలు, చెప్పింది 520. 35 చదరపు అడుగులు ఎక్కువ. దించే కూలీతో కలిపి అడుగు 28 రూపాయలు పడింది.

*తప్పుల ఖాతా: దశ 1లో 980. మొత్తం 980.*

దశ 2: ముగ్గు పోయడం (4 నుంచి 9వ రోజు దాకా)

అసలు దెబ్బ ఇక్కడే. కాబట్టి వివరంగా రాస్తా.

4వ రోజు. ముందు గోడకు 16 అడుగుల దారం కట్టాం. సంపు వైపు మూలలో లంబం తీయాలి. మామ తన నైలాన్ దారానికి 3, 4, 5 అడుగుల దగ్గర ముడులు వేసి పెట్టుకున్నాడు, పదేళ్ల దారం. దాంతో మూల తీసి, 12 అడుగులకు పక్క గోడ, అవతల కూడా 12, వెనక 16. నాలుగు గూటాలు. వైపులు కొలిస్తే 16, 12, 16, 12. బాగుంది.

జాగా విషయంలో ఒకసారి తగిలింది కదా, ఈసారి క్రాసు కొలిచా. ఒకటి 20 అడుగుల 2 అంగుళాలు, ఇంకోటి 19 అడుగుల 10 అంగుళాలు. 16కు 12 అయితే రెండూ సరిగ్గా 20 ఉండాలి, ఎందుకంటే ఇది 3-4-5 ని నాలుగు రెట్లు చేసిందే.

తప్పు ఎక్కడంటే ఆ ముడుల దారంలో. లాగితే సాగి, 5 అడుగుల దగ్గర అర అంగుళం తేడా. అర అంగుళమే కదా అనిపిస్తుంది. ఆ చిన్న త్రిభుజంలో అర అంగుళం 12 అడుగుల గోడ చివరికి పోయేసరికి రెండున్నర అంగుళాలు అవుతుంది. అదే 12-16-20 తో మూల తీసి ఉంటే, అదే అర అంగుళం తప్పుకు గోడ చివర 5 నూళ్లు మాత్రమే పక్కకు పోయేది. త్రిభుజం ఎంత పెద్దదైతే అంత మంచిది, జాగా ఎంత పడితే అంత వేయండి.

ఇప్పుడు సరిచేయాలి. ఎండ నెత్తిన పడుతోంది, మామ నీడకు పోయాడు, నేనూ బామ్మర్దీ ఉన్నాం. పొడుగు కర్ణం చివర, వెనక వేప వైపు గూటం పీకి లోపలికి జరిపాం. కొలిచాం. ఇంకొంచెం జరిపాం. సరిగ్గా 5 అంగుళాలు జరిపేసరికి రెండు క్రాసులూ కలిశాయి: 19 అడుగుల 10, 19 అడుగుల 10. పక్క గోడ మళ్లీ కొలిచాం, 12 అడుగులే ఉంది. రెండోదీ 12. ఇంకేం, అయిపోయింది అనుకున్నాం.

వెనక గోడ కొలవలేదు.

5, 6 రోజులు పునాది తవ్వడం, సైజు రాళ్లు. 7వ రోజు ఇటుక పని మొదలు. 8వ రోజు మధ్యాహ్నం మామ వెనక గోడ దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. "ముందు వరసకు ఇరవైన్నర ఇటుక పట్టింది, వెనక ఇరవైకే అయిపాయ. సందులు పెద్దగా పెట్టినానా ఏమి?" సందులు కాదు. టేపు వేస్తే వెనక గోడ 15 అడుగుల 7 అంగుళాలు.

కర్ణాలు రెండూ సమానం, పక్క గోడలు రెండూ సమానం, ముందు గోడ సరి. అయినా గది సరి కాదు. మేం కట్టింది సమద్విబాహు ట్రెపీజియం. దాని కర్ణాలు కూడా సమానమే! బడిలో "దీర్ఘచతురస్రం కర్ణాలు సమానం" అని బట్టీ పట్టాం గానీ, కర్ణాలు సమానమైనవన్నీ దీర్ఘచతురస్రాలే అని ఎవరూ చెప్పలేదు, మనమే అలా అనుకుంటాం. పైగా ఆ కర్ణాలు ఒకదానితో ఒకటి కలిశాయా అనే చూశాం గానీ, అవి 20 ఉండాలి కదా, 19 అడుగుల 10 ఎందుకున్నాయి అని అడగలేదు. రెండు అంగుళాల తేడా కళ్లెదురుగా ఉంది.

ఎవరైనా ఇలాంటి చోట చిక్కుకుంటే:

1. ఎదురెదురు వైపులు సమానం, కర్ణాలు వేరు: గది పక్కకు వాలింది (సమాంతర చతుర్భుజం). వెనక గూటాలు రెండూ ఒకే వైపుకు, ఒకే కొలతతో జరపాలి. ఒక్కటే జరపకూడదు.
2. కర్ణాలు సమానం, పక్క గోడలు సమానం, ముందూ వెనకా వేరు: ట్రెపీజియం. వెనక గూటాలు రెండూ బయటికి గానీ లోపలికి గానీ, ఎదురెదురు దిక్కుల్లో, చెరి సగం జరపాలి.
3. ఎదురెదురు వైపులు రెండు జతలూ సమానం, కర్ణాలూ సమానం: అప్పుడే కొబ్బరికాయ కొట్టండి.

మొదటి రకానికి ఎంత జరపాలి అనేది గుడ్డిగా చేయక్కర్లేదు. కర్ణాల తేడాను కర్ణం పొడవుతో గుణించి, ముందు గోడకు రెట్టింపుతో భాగించండి. నాది 4 అంగుళాల తేడా, 20 అడుగుల కర్ణం, 16 అడుగుల గోడ: 4 × 20 ÷ 32, రెండున్నర అంగుళాలు. 4వ రోజే రెండు గూటాలనూ సంపు వైపుకు రెండున్నర అంగుళాలు జరిపి ఉంటే ఈ కథే లేదు.

పునాది రాళ్లు అడుగున్నర వెడల్పు వేయడం నా అదృష్టం, గోడ రెండున్నర అంగుళాలు అటూ ఇటూ జరిగినా రాయి మీదే ఉంటుంది. వెనక గోడ, రెండు పక్క గోడల వరసలు పీకేశాం. సగం ఇటుకలు పనికొచ్చాయి. ఒక రోజు ఇద్దరి కూలీ, పగిలిన ఇటుక, సిమెంటు కలిపి 1,900.

9వ రోజు, రెండోసారి ముగ్గు. ఈసారి మామకు కూడా నచ్చిన పద్ధతి ఇది:

1. 20 అడుగుల కట్టు కంబి రెండు ముక్కలు. నైలాన్ వద్దు.
2. రెండిటికీ సరిగ్గా 10 అడుగుల దగ్గర రంగు గుర్తు.
3. రెండు గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడేలా అడ్డంగా వేసి, అక్కడ మేకు దించాం.
4. ముందు రెండు చివరల మధ్య 16 అడుగులు వచ్చేలా తెరిచి, కంబి బిగుతుగా పట్టుకుని నాలుగు చివరల్లో గూటాలు.

రెండు కర్ణాలూ సమానంగా ఉండి, ఒకదాన్నొకటి సగం చేసుకుంటే ఆకారం దీర్ఘచతురస్రం కాక వేరేది కాలేదు. ట్రెపీజియంలో కర్ణాలు సమానమైనా సగం దగ్గర కలుసుకోవు, అందుకే అది ఇక్కడ దూరలేదు. మూలమట్టం ముట్టుకోలేదు. తర్వాత కొలిస్తే పక్క గోడలు 12 అడుగులు, 12 అడుగుల 1 నూలు. ఆ నూలు గూటం మందం.

ఇంకో చిన్న సంగతి, నేల వాలు. నా జాగా సంపు వైపు నుంచి వేప వైపుకు దాదాపు అడుగు దిగుతుంది. టేపు నేల వాలుతో పాటు పట్టుకుంటే 20 అడుగులకు రెండున్నర నూళ్ల దాకా ఎక్కువ చూపిస్తుంది, అదీ ఒక్క కర్ణానికే, రెండోది మట్టంగా ఉంటే. పల్లం వైపు గూటాలు పొడుగ్గా కొట్టి, నీళ్ల పైపుతో నాలుగు తలలూ ఒకే మట్టానికి తెచ్చాకే కొలవండి. టేపు కొక్కెం కూడా కొంచెం ఆడుతుంది, అందుకని 1 అంగుళం గీత దగ్గర నుంచి కొలిచి ఒకటి తీసేస్తుంటాం. బామ్మర్ది ఒకసారి తీసేయడం మరిచాడు. ఆ పది నిమిషాలు ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ రాయను.

*తప్పుల ఖాతా: దశ 2లో 1,900. మొత్తం 2,880.*

దశ 3: బండలు ఏరడం (15 నుంచి 18వ రోజు దాకా)

గోడలు, రేకులు, ప్లాస్టరింగ్ గురించి చెప్పడానికేమీ లేదు. అన్నీ మామూలుగా జరిగాయి, రేకుల రోజు గాలి లేచింది అంతే.

లోపల నేలకు 2×2 పాలిష్ బండలు. 9 అంగుళాల గోడలు పోగా లోపల 14 అడుగుల 6 అంగుళాలకు 10 అడుగుల 6. 152 చదరపు అడుగులు, అంటే 38 బండలు, కోతలకు కలిపి 48 తెచ్చా. బండ 180 పడింది.

15వ రోజు నాలుగు బండలు పరిచి చూస్తే మధ్యలో సందు ఒక చివర మూసుకుపోయి ఇంకో చివర మూడు నూళ్లు తెరుచుకుంది. ఒక్కో బండ వైపులు కొలిస్తే నాలుగూ 24 అంగుళాలే. అప్పటికే అనుభవం ఉంది కాబట్టి టేపు మూలకు వేశా. ఒక కర్ణం 34¼, రెండోది 33⅝. నాలుగు వైపులూ సమానంగానే ఉన్నాయి, చతురస్రం కాదు, సమచతుర్భుజం. కోత మిషన్ దగ్గర బండ కొంచెం వంకరగా పెట్టి కోస్తే ఇలా వస్తుంది. సమచతుర్భుజం కర్ణాలు ఎప్పుడూ లంబంగానే కోసుకుంటాయి, సగం సగం కూడా చేసుకుంటాయి. కాబట్టి మధ్యలో అడ్డం గీతలు గీసి మూలమట్టం పెట్టి చూస్తే ఏమీ తెలియదు. పొడవులే చూడాలి.

48 బండలను టేపుతో కొలుస్తూ కూర్చుంటే నడుము పోతుంది. అందుకని ఒక కొలకర్ర చేశా:

1. మీటరు పొడవు టేకు పట్టీ. 24 అంగుళాల చతురస్రం కర్ణం 33 అంగుళాల 7½ నూళ్లు (33.94). అంత దూరంలో రెండు చిన్న మేకులు కొట్టా, తలలు కొట్టేశా.
2. బండ మీద మూల నుంచి మూలకు పెట్టాలి. రెండు మూలలూ మేకులకు తగిలితే సరి.
3. తిప్పి రెండో కర్ణానికి పెట్టాలి. ఒకదాంట్లో సందు ఉండి రెండో దాంట్లో మేకుల మధ్య పట్టకపోతే, వంకర బండ.
4. సుద్దముక్కతో పొడుగు కర్ణం ఏదో గీత గీసి పక్కన పెట్టాలి.

గంటంపావులో 48 అయిపోయాయి. సరైనవి 27. నూలు తేడా ఉన్నవి 14, సందుల్లో దాచేయొచ్చు. పనికిరానివి 7.

ఆ 7 దుకాణానికి తీసుకుపోతే "సైజు కరెక్టే కదా సార్, కొలవండి" అని వైపులు కొలిచి చూపించాడు. ఆయన కొలిచింది కరెక్టే! నేను టేపు మూలకు తిప్పి చూపిస్తే, ఇట్లా ఎవరూ కొలవరు అన్నాడు. వాపసు తీసుకోలేదు. దించేముందే కొలకర్ర పెట్టి ఉంటే టెంపోలోనే తిప్పి పంపేవాణ్ని.

పరచడం మొదలుపెట్టేముందు గది మధ్య పట్టడానికి మూల నుంచి మూలకు రెండు దారాలు కట్టాం. ఒక దారం సగం, ఇంకో దారం సగం ఒకే చోట పడాలి. నాలుగు నూళ్లు తేడా. కొట్టం వైపు మూలలో ప్లాస్టర్ ఉబ్బింది, అంతే. చెక్కేశాం. నూలు తేడా ఉన్న 14 బండల్లో, సుద్ద గీత ఒకే దిక్కున ఉండేలా పక్కపక్కన పెడితే తేడా ఒకదానిలో ఒకటి ఇమిడిపోయింది. అన్నీ ఒకే వైపు వాలిన బండలు కలిపితే సందులు సమానంగా వస్తాయి, ఒకటి అటూ ఒకటి ఇటూ పెడితేనే పళ్ల సందుల్లా కనపడతాయి. కానీ వరసకు రెండు మూడు మించి పెట్టొద్దు, వరసే పక్కకు పోతుంది.

*తప్పుల ఖాతా: దశ 3లో 7 బండలు, 1,260. మొత్తం 4,140.*

దశ 4: జాలీ తలుపు (20 నుంచి 52వ రోజు దాకా)

గాలి ఆడాలని ఇనుప జాలీ తలుపు. 3 అడుగుల 6 అంగుళాలకు 6 అడుగుల 6. సన్నటి యాంగిల్ ఫ్రేము, మధ్యలో గొలుసు జాలీ. రేకు అతికించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు, రేకే కర్ణం పని చేస్తుంది. గొలుసు జాలీ ఏ బరువూ మోయదు.

20వ రోజు వెల్డింగు. కర్ణం 88 అంగుళాల 5 నూళ్లు రావాలి. నాలుగు మూలలూ చుక్క పెట్టి (వెల్డింగుతో కొంచెమే అంటించి) కొలిస్తే రెండూ సరిగ్గా వచ్చాయి. ఒక మూల పూర్తిగా అతికించేసరికి వేడికి లాగి రెండు నూళ్లు తేడా వచ్చింది. ఎదురు మూల అతికిస్తే తగ్గింది. కాబట్టి వరసగా కాకుండా ఎదురెదురు మూలలు అతికించి, ప్రతిసారీ క్రాసు చూడండి.

వాలకుండా ఒక ఏటవాలు పట్టీ వేశాం. ఇంచు వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఇనుప ఫ్లాటు పట్టీ. కింది మడతబందు నుంచి పైన గడియ మూలకు. చెక్క తలుపుల వెనక అలాగే ఉంటుంది కదా, చూసి వేయించా.

31వ రోజు గడియ పడటం మానేసింది. తలుపు గడియ వైపు అర అంగుళం దిగింది. క్రాసు కొలిస్తే రెండు కర్ణాలకూ 7 నూళ్ల తేడా. పట్టీ మధ్యలో విల్లులా వంగి ఉంది.

తలుపు బరువుకు గడియ వైపు కిందికి దిగుతుంటే, పై మడతబందు నుంచి కింది గడియ మూలకు ఉన్న కర్ణం సాగుతుంది, కింది మడతబందు నుంచి పై గడియ మూలకు ఉన్నది కుంచించుకుంటుంది. చెక్క మందంగా ఉంటుంది, నొక్కితే తట్టుకుంటుంది, అందుకే చెక్క తలుపుకు అది కుంచించుకునే కర్ణంలో పెడతారు. పల్చటి ఫ్లాటు లాగితే వెయ్యి కిలోలకైనా ఆగుతుంది, నొక్కితే కాగితంలా వంగుతుంది. నేను పెట్టింది నొక్కే చోట.

32వ రోజు మార్పు:

1. తలుపు తీసి నేల మీద పడుకోబెట్టి, పొడుగు కర్ణం చివర్లకు గొలుసు వేసి బిగించి రెండు కర్ణాలూ కలిపాం. నూలు ఎక్కువే బిగించాం, వదిలాక వెనక్కి వస్తుందని. వచ్చింది.
2. పాత పట్టీ కోసేసి, పై మడతబందు నుంచి కింది గడియ మూలకు కొత్త పట్టీ.
3. మధ్యలో జాలీ చట్రానికి రెండు చుక్కలు.

వెల్డింగు, ఆటో కలిపి 850.

*తప్పుల ఖాతా: దశ 4లో 850. మొత్తం 4,990.*

52వ రోజు కొలిచి రాసుకున్నవి. తలుపు: 88 అంగుళాల 5 నూళ్లు, 88 అంగుళాల 6 నూళ్లు. గది లోపల, బండల మీద: 17 అడుగుల 10 అంగుళాల 6 నూళ్లు, రెండోది 17 అడుగుల 11. బయట ఎక్కువైన 35 అడుగుల నాపరాళ్లు వేప చెట్టు కింద ఆనించి పెట్టా, అమ్మ వాటి మీద వడియాలు ఎండబెడుతోంది. ఆ 7 వంకర బండలు మామ అడిగితే ఇచ్చేశా, ఆయన బట్టలుతికే చోట వేసుకుంటాడంట. కొలకర్ర కూడా పట్టుకుపోయాడు.

ఇంకా మిగిలిన పని: కరెంటు వైరింగు, బ్యాటరీల స్టాండు. స్టాండుకు యాంగిల్ కోయించా, ఇంకా చుక్క పెట్టలేదు.